ఎంజీబీ కింగ్ పిన్‌లు విప్పబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీకాంత్‌కి మామయ్య ఆశీస్సులు.

నీ ఎంజీబీ, అదే ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుది, నువ్వు పంపిన వీడియో చూశాను. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుటక్కుమంటోంది. యాభై మైళ్లు దాటితే కారు అటూ ఇటూ లాగుతోందనీ, బ్రేకు వేస్తే స్టీరింగ్ అదురుతోందనీ రాశావు. కింగ్ పిన్‌ల (ముందు చక్రాలు స్టీరింగ్‌తో పాటు మళ్లే నిలువు కడ్డీల) పని గ్యారేజీకి ఇవ్వకుండా నువ్వే చేస్తానన్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఓపిక ఉంటే నువ్వు చెయ్యగల పనే. చలికాలం ఎలాగూ ఆ కారు బయటికి తియ్యవు కాబట్టి తొందరేమీ లేదు.

అసలు రోగం ఎక్కడుందో ముందు తేల్చుకో. వీల్ బేరింగ్ లూజైనా ఇదే చప్పుడు వస్తుంది. చక్రం పైకెత్తి, అమ్మాయిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని చెప్పి, అప్పుడు ఊపి చూడు. బ్రేకు తొక్కగానే ప్లే (వదులు కదలిక) మాయమైతే అది బేరింగ్. తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్, లేదా దాని కింది చివర ఉండే ట్రనియన్ అనే కీలు. అప్పుడు నువ్వు టార్చి పట్టుకుని కిందికి వెళ్లి, ఇంకెవరితోనైనా చక్రం ఊపించు. పిన్‌కీ స్టబ్ ఆక్సిల్‌కీ (చక్రం తిరిగే పొట్టి ఇరుసుకీ) మధ్య కదులుతోందా, లేక కింద విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చెయ్యి) దగ్గర కదులుతోందా అన్నది కంటికే తెలుస్తుంది. పైన రబ్బరు బుష్‌లు (తొడుగులు) పోయినా చక్రం ఊగుతుంది, వాటి ఖరీదు చాలా తక్కువ. ఈ పరీక్ష చెయ్యకుండా సామాన్లు ఆర్డర్ పెట్టకు.

ఇక కింగ్ పిన్ సంగతి. తలుపుకు మడతబందు ఎలాగో ఈ కారు ముందు చక్రానికి కింగ్ పిన్ అలాగ. స్టబ్ ఆక్సిల్ దాని చుట్టూ రెండు బుష్‌ల మీద తిరుగుతుంది. కారు బరువు ఎటు నుంచి ఎటు పోతుందో అర్థం చేసుకుంటే మిగతా పనంతా సులువవుతుంది. స్ప్రింగు కింది విష్‌బోన్‌ని కిందికి తోస్తుంది. విష్‌బోన్ పిన్ కింది చివరను లాగుతుంది. అంటే పిన్ వేలాడుతూ ఉంటుంది. ఆ లాగుడంతా పైన, పై ట్రనియన్‌కీ స్టబ్ ఆక్సిల్‌కీ మధ్య ఉన్న థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది. అందుకే అక్కడ రెండు స్టీలు వాషర్లు, వాటి మధ్య ఒక కంచు వాషర్ పెట్టారు. గ్రీజు అందకపోతే మొదట అరిగేవి ఆ వాషర్లు, కింది ట్రనియన్‌లో ఉండే గొట్టం.

విప్పే ముందు స్ప్రింగు గురించి. ఇది మాత్రం అశ్రద్ధ చెయ్యకు. కారు బరువు మోస్తున్నప్పుడు దానిలో సుమారు వెయ్యి పౌండ్ల బలం బిగిసి ఉంటుంది, తప్పించుకుంటే మనిషి ప్రాణం తీస్తుంది. ఛాసిస్ కింద రెండు వైపులా గట్టి స్టాండ్లు పెట్టు. స్ప్రింగు పాన్ (స్ప్రింగు కూర్చునే పళ్లెం) కింద ట్రాలీ జాకీ పెట్టి, డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) చెయ్యి రబ్బరు స్టాప్ మీంచి లేచేదాకా ఎత్తు. స్ప్రింగు లోంచి ఒక గొలుసు దూర్చి క్రాస్ మెంబరుకు (కారు కింది అడ్డ దూలానికి) కట్టెయ్యి. ఆ తర్వాతే పై బోల్టు తీసి, జాకీని కొద్దికొద్దిగా దించు. ఇంజను కారులోనే ఉంది కాబట్టి నీకు ఈ పద్ధతి పనికొస్తుంది. ఇంజను తీసిన కారైతే జాకీ ఎత్తినప్పుడు కారే స్టాండ్ల మీంచి లేచిపోతుంది. అలాంటప్పుడు పాన్ బోల్టుల్లో రెండింటి స్థానంలో పొడవాటి మరల కడ్డీలు వేసి నట్లు తిప్పుతూ దించుకోవాలి.

దానికి ముందే చక్రం బిగించే హబ్, బ్రేకు క్యాలిపర్ తియ్యాలి. క్యాలిపర్‌ని తీగతో పైకి కట్టు, బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకు. హబ్ నట్టు విప్పగానే లోపల పల్చటి షిమ్‌లు (రేకు ఉంగరాలు) కనిపిస్తాయి. వాటిని ఏ వైపువి ఆ వైపు కవర్లో వేసి పేరు రాసిపెట్టు. హబ్ ప్లే రెండు నుంచి నాలుగు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉండేలా వాటితోనే సరిచేస్తారు. అవి పోతే మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి.

ఇంక నీ సహనాన్ని పరీక్షించేది పిన్‌ని విష్‌బోన్‌కి కలిపే కింది ఫల్‌క్రమ్ బోల్టు. అది ట్రనియన్ లోపలి గొట్టంలో తుప్పు పట్టి ఒకటైపోయి ఉంటుంది. సుత్తితో బాదితే విష్‌బోన్ వంకరపోతుంది. తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు వదిలెయ్యి, మధ్యలో కాస్త వేడి చూపించు. అప్పటికీ రాకపోతే మొండిపట్టు పట్టకుండా విష్‌బోన్‌కీ ట్రనియన్‌కీ మధ్య రంపంతో కోసెయ్యి. బోల్టు కొత్తది ఎలాగూ వేస్తావు.

విప్పిన పిన్‌ని కడిగి వెలుగులో తిప్పి చూడు. బుష్ కూర్చునే చోట మెరుపు తగ్గి, గోటికి తగిలే చిన్న మెట్టు కనిపిస్తుంది. మైక్రోమీటర్ పెట్టి అరగని చోటా అరిగిన చోటా కొలువు. ఒక వైపే ఎక్కువ అరిగి పిన్ కోలగా అయి ఉంటుంది, ఎందుకంటే బరువు ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది. అలాంటి పిన్‌ని సగం తిప్పి వాడుకోవచ్చని ఎవరైనా చెబితే వినకు. రెండు వైపులా కొత్తవే వెయ్యి.

నా లెక్కలో ఈ పని మొత్తం నిలబడేది బుష్‌ల దగ్గరే. కొత్త పిన్ కొని పాత బుష్‌లలో దూర్చేసేవాళ్లున్నారు. ఇంకొందరు కొత్త బుష్‌లు నొక్కించి, పిన్ బిగుతుగా ఉందని గరుకు కాగితంతో రుద్ది సరిపెడతారు. రెండూ తప్పే. బుష్‌ని నొక్కినప్పుడు అది ముడుచుకుని లోపలి కొలత తగ్గుతుంది. దాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని సన్నగా చెక్కే పనిముట్టుతో) పిన్ కొలతకు తేవాలి. పైదీ కిందిదీ ఒకే కొలత కాదు, పైది సన్నం, కిందిది లావు. రెండూ ఒకే గీతలో ఉండాలి కాబట్టి పైలట్ (దారి చూపే కడ్డీ) ఉన్న రీమర్ ఒకే ఊపులో రెండింటిలోనూ నడవాలి. విడివిడిగా రీమ్ చేస్తే కొలత సరిగ్గానే ఉన్నా పిన్ అంచుల మీద రుద్దుకుంటుంది, కొద్ది నెలల్లో మళ్లీ ప్లే వస్తుంది. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ కింగ్ పిన్‌లకు బుష్‌లు కొట్టించినవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ రీమర్ నీ దగ్గర లేదు, ఒక్క కారు కోసం కొనడం దండగ. స్టబ్ ఆక్సిల్‌లు, కొత్త పిన్‌లు, బుష్‌లు కలిపి పాత కార్ల పని తెలిసిన ఇంజనీరింగ్ షాపుకి ఇవ్వు. ఏ పిన్ ఏ వైపుదో గుర్తు పెట్టి, ఆ పిన్‌కే రీమ్ చెయ్యమని చెప్పు. ఇప్పుడు తయారవుతున్న పిన్‌లన్నీ ఒకే కొలతలో రావు. బుష్‌లో ఉన్న గ్రీజు రంధ్రం స్టబ్ ఆక్సిల్‌లోని గ్రీజు దారికి సరిగ్గా ఎదురుగా ఉండాలని కూడా చెప్పు. తిరిగి వచ్చాక నిప్పిల్ (గ్రీజు కొట్టే మూతి) దగ్గర గ్రీజు గన్ పెట్టి కొట్టి, బుష్ లోపలి నుంచి బయటికి వస్తోందో లేదో నీ కళ్లతో చూసుకున్నాకే పిన్ ఎక్కించు. అక్కడ రంధ్రం మూసుకుపోతే ఇక ఎంత గ్రీజు కొట్టినా లాభం లేదు.

తర్వాత థ్రస్ట్ వాషర్లు. కంచు వాషర్లు రకరకాల మందాల్లో దొరుకుతాయి, మూడు నాలుగు తెచ్చుకో. ముందు గ్రీజు లేకుండా పొడిగా బిగించి, పై నట్టు పూర్తి బిగువుకి తెచ్చి కొలువు. పైకీ కిందికీ కదలిక రెండు థౌలు దాటకూడదు. చేత్తో తిప్పితే కొంచెం బరువుగా, కానీ ఎక్కడా పట్టెయ్యకుండా ఒకే తీరుగా తిరగాలి. ఈ బరువు ఎలా ఉండాలో రాసి చెప్పడం కష్టం, రెండు మూడు మందాలు మార్చి చూస్తే నీ చేతికే తెలుస్తుంది. బిగుతు ఎక్కువైతే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది నిటారుగా రాదు. రోడ్డు మీద అది లూజు కంటే ప్రమాదం.

కింద గొట్టం ట్రనియన్ కంటే వెంట్రుకవాసి పొడవుండాలి. నట్టు బిగించినప్పుడు విష్‌బోన్ చేతులు గొట్టాన్ని పట్టుకోవాలి కానీ ట్రనియన్‌ని కాదు. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం కారు నేల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. నట్లన్నీ మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించి, స్ప్లిట్ పిన్‌లు కొత్తవి వెయ్యి. ఆఖర్న చక్రాల అలైన్‌మెంట్ చూపించు.

నేనుండే ఊరి పక్కనే, ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో, 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ సామాన్లకు లోటు లేదు. అన్నీ 40 ఏళ్లు దాటినవే కాబట్టి, పెద్ద మార్పులు చెయ్యకపోతే 2018 మేలో వచ్చిన నిబంధన ప్రకారం వీటికి ఎంఓటీ (ఇక్కడ కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ) పరీక్ష తప్పనిసరి కాదు. ఇదివరకు ఏడాదికోసారి పరీక్ష చేసే మనిషి చక్రం ఊపి చూసి ప్లే ఉంటే చెప్పేవాడు. ఇప్పుడు ఆ బాధ్యత పూర్తిగా నీదే. నా మాట విని తప్పనిసరి కాకపోయినా ఏటా పరీక్ష చేయించు.

గ్రీజు మాత్రం 3,000 మైళ్లకోసారి, అంత తిరగకపోయినా ఏడాదికి రెండుసార్లు. ఒక్కో వైపు మూడు నిప్పిల్స్ ఉంటాయి, రెండు స్టబ్ ఆక్సిల్ మీద, ఒకటి కింది ట్రనియన్‌కి. కొట్టేటప్పుడు చక్రాలు నేలకు ఆనకూడదు. బరువు మీద ఉంటే థ్రస్ట్ వాషర్లు ఒకదానికొకటి అతుక్కుని గ్రీజు మధ్యలోకి వెళ్లదు. పైకెత్తి, స్టీరింగ్‌ని ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతూ, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి కనిపించేదాకా కొట్టు.

బుష్‌లు షాపు నుంచి వచ్చిన రోజు ఫోన్ చెయ్యి. వాషర్లు కొలిచేటప్పుడు నేనూ వచ్చి పక్కన ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య