ఆహ్వానపత్రంలోని అంకెలకు అర్థమేమిటి?

ప్రశ్న: మా కళాశాలలో చదువుకుని ఇప్పుడు విదేశంలో క్యాన్సర్ పరిశోధన చేస్తున్న ఒకరికి పూర్వ విద్యార్థుల తరఫున సన్మానం తలపెట్టాం. ఆహ్వానపత్రంలో వేసేందుకు ఆయన పంపిన పరిచయంలో రెండు వందలకు పైగా పరిశోధన పత్రాలు, తొమ్మిది వేల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 45 అని ఉంది. కమిటీలో ఎవరికీ వీటి సంగతి తెలియదు. ఇవి పెద్ద సంఖ్యలేనా? సభలో ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, ఒక పరిశోధకుడు రాసిన పత్రాన్ని ఆ తరువాత వచ్చిన మరో పత్రం తన ఆధారాల పట్టికలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. తొమ్మిది వేల సైటేషన్లంటే ఆయన పత్రాలన్నింటినీ కలిపి ఇతరులు (కొన్నిసార్లు ఆయనే) అన్నిసార్లు పేర్కొన్నారని అర్థం. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరికి అయిదు పత్రాలున్నాయనీ, వాటికి వరుసగా 40, 18, 9, 4, 2 సైటేషన్లు వచ్చాయనీ అనుకోండి. కనీసం నాలుగేసి సైటేషన్లు పొందినవి నాలుగున్నాయి. కనీసం అయిదేసి పొందినవి అయిదు లేవు. కనుక ఆయన హెచ్-ఇండెక్స్ 4. ఆ లెక్కన 45 అంటే, ఒక్కొక్కటీ కనీసం 45 సార్లు ఇతర పత్రాలకెక్కిన పత్రాలు మీ అతిథికి 45 ఉన్నాయన్నమాట. ఇది గౌరవించదగిన సంఖ్యే, సందేహం లేదు. అయితే క్యాన్సర్ రంగంలో పరిశోధకులూ పత్రాలూ చాలా ఎక్కువ కావడంతో ఇక్కడ సైటేషన్లు త్వరగా పోగుపడతాయి. ఇదే 45 గణిత శాస్త్రజ్ఞుడికి ఉంటే అది మరింత అరుదైన విషయం. ఈ సూచిక వయసుతో పెరుగుతుందే గాని తగ్గదు. మూడే పత్రాలు రాసిన వ్యక్తి, ఆ మూడింటితోనే వైద్యాన్ని మలుపు తిప్పినా, ఇందులో 3 దగ్గరే ఆగిపోతాడు.

మొత్తం సంఖ్య కన్నా ముందు చూడవలసింది రచయితల వరుసలో ఆయన పేరు ఎక్కడుందన్నది. వైద్య, జీవశాస్త్ర పత్రాల్లో సాధారణంగా మొదటి పేరు ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు ఆ పరిశోధనశాలను నడిపించి పనికి బాధ్యత వహించినవారిది. నడుమ పేర్లలో రోగుల నమూనాలు పంపినవారు మొదలుకొని గణాంకాలు కట్టినవారి దాకా రకరకాల వాళ్లుంటారు. ప్రపంచవ్యాప్తంగా వ్యాధుల భారాన్ని లెక్కగట్టే అధ్యయనాల్లో వందలాది రచయితలుంటారు, ఆ ఒక్కొక్క పత్రానికీ వేలల్లో సైటేషన్లు వస్తాయి; అలాంటివి నాలుగైదు ఉంటే చాలు, ఎవరి మొత్తమైనా అమాంతం పెరిగిపోతుంది. అందులో తప్పేమీ లేదు గాని, ఆ అంకె ఒక్క మనిషి ఆలోచనకు కొలత కాదు.

రెండోది, ఆ పత్రాలు ఏ రకానివి? అప్పటిదాకా జరిగిన పనిని సమీక్షించే వ్యాసాలకు కొత్త ప్రయోగ ఫలితాల కన్నా ఎక్కువ సైటేషన్లు రావడం మామూలే. పద్ధతులు చెప్పే పత్రాలదీ అదే తీరు. ప్రొటీన్‌ను కొలిచే విధానం మీద 1951లో లౌరీ బృందం రాసిన పత్రానికి మూడు లక్షలకు మించి సైటేషన్లున్నాయి. క్యాన్సర్ రోగుల మనుగడను చూపే వంపుగీతలన్నింటికీ ఆధారం 1958లో కాప్లాన్, మయర్ రాసిన పత్రం. ఆ ఇద్దరూ గణాంక శాస్త్రవేత్తలే గాని క్యాన్సర్ వైద్యులు కారు.

ఆహ్వానపత్రం విషయంలో నా సలహా ఒకటే. మీకు ముఖ్యమనిపించిన మూడు పత్రాలు చెప్పి, ఒక్కొక్కదానిలో ఏ ప్రశ్నకు జవాబు వెతికారో, దాన్ని తరువాత ఎవరు ఉపయోగించుకున్నారో రెండేసి వాక్యాల్లో రాసిపంపమని ఆయననే అడగండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూడా నిధులు కోరేవారిని అయిదుకు మించకుండా తమ ముఖ్యమైన కృషులను వివరించమని అడిగే పద్ధతి పెట్టాయి. మీరు అడిగితే ఆయన నొచ్చుకోరు. ఆ ఆరు వాక్యాలను తెలుగులో వేస్తే సభకు వచ్చినవారికి 45 అన్న అంకె కన్నా ఎంతో ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్న: మా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలవడానికి ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి నేర్పారు. ఈయనే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ తెచ్చిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారని విన్నాను. అలాగైతే లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు మందు పనిచేసిందని ప్రకటించిన 1948 నాటి పత్రంలో ఆయన పేరు ఎందుకు లేదు?
– వైద్య విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఇద్దరూ ఒకరే. మొదటి ప్రశ్నకు నేను రాసిన జవాబంతటికీ ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు గనుక కాస్త వివరంగా చెబుతాను.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పత్రమే మీరు ల్యాబ్‌లో చేసిన పద్ధతికి మూలం. రక్తంలో గాని మూత్రంలో గాని ఉన్న ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి, క్షయకరణం చేసి, వచ్చిన నీలిరంగు గాఢతను బట్టి పరిమాణం చెప్పడం అందులోని కిటుకు. ఆ కొలత చేతికి వచ్చాకే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాల మీద ఆ ఇద్దరి పరిశోధనలు సాగాయి. తరతరాల జీవరసాయన శాస్త్రవేత్తలు ఆ పత్రాన్ని తమ ఆధారాల పట్టికలో రాసుకున్నారు. సైటేషన్ల లెక్క మాత్రమే తెలిసిన వ్యక్తి ఎవరైనా ఆయన జాబితా చూస్తే, ఈయన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిలో నిపుణుడని తేల్చి పక్కన పెట్టేస్తాడు.

ఆయన 1940లో లెడర్లే సంస్థ పరిశోధనశాలలో చేరి అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు. కణాలు పెరగడానికి కావలసిన విటమిన్ అయిన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందం, దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ తరువాత మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసిన బృందం ఆయన చేతికింద పనిచేసినవే. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఆ అమినోప్టెరిన్‌ను తీవ్రమైన లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూడగా పది మందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు తిరిగి వచ్చింది. కాని అంతకుముందు ఆ జబ్బుకు అంతమాత్రం ఊరట కలిగించిన మందు కూడా లేదు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో ప్రసిద్ధ వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చాయి. రచయితలు ఫార్బర్, ఆయనతో పనిచేసిన వైద్యులు. మందును తయారుచేసి ఇచ్చినవారిని రచయితలుగా కాక కృతజ్ఞతాపూర్వకంగా ప్రస్తావించడం ఆనాటి ఆచారం. అందుకే ఆ పత్రం పేరున చేరిన ఏ సైటేషన్ కూడా సుబ్బారావు గారి ఖాతాలో పడదు. రెండు నెలలకే, ఆ ఆగస్టులో, ఆయన మరణించారు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఒక ఆవిష్కరణ బాగా స్థిరపడిపోతే దాని మూలపత్రాన్ని పేర్కొనడం మానేస్తారు. మీ ఒంగోలులోనే కీళ్లవాతానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్ర రాసే వైద్యులెందరో ఉంటారు. దాని మీద పత్రం రాసేవారు కూడా దాన్ని ఎవరు తయారుచేశారో ఆధారాల్లో చూపించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న ఆ మందు ప్రభావమంతా సైటేషన్ల లెక్కకు బయటే ఉండిపోయింది. పండితుల నడుమ ప్రభావం, రోగుల నడుమ ప్రభావం రెండూ ఒకే దారిన నడవవని, వీటిలో ఏ ఒక్కదాన్ని చూసినా మనిషి సగమే కనిపిస్తాడని నా అభిప్రాయం.

పేరు వల్ల వచ్చే చిక్కు కూడా ఇక్కడే చెప్పాలి, మన తెలుగువాళ్లకు అది ఎక్కువ. పత్రాల మీద సుబ్బారావు అన్నది ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, ఎల్లాప్రగడ ఒక్క అక్షరమై మిగిలింది. ఇవాళ మీరు వైద్య పత్రాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో ఏ రెడ్డి గారి కోసమో రావు గారి కోసమో వెతికితే, అదే పొడి అక్షరంతో పదుల మంది పత్రాలు కలగలిసి వస్తాయి. అందుకే 2012 నుంచి పరిశోధకులకు ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. పరిశోధనలోకి వెళ్లాలనుకుంటే మొదటి పత్రానికి ముందే దాన్ని తీసుకోండి, పేరు కూడా ఎప్పుడూ ఒకే తీరున రాయండి.

ప్రశ్న: మా బంధువు ఒకరు క్యాన్సర్ కణాల మీద పనిచేసే అధ్యాపకుడు. ఆయనకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో చోటిచ్చిందని పత్రిక జిల్లా పేజీలో ఫొటోతో వేశారు. ఇది అవార్డా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: అవార్డు కాదు, విశ్వవిద్యాలయం ఎంపిక చేసి ఇచ్చిందీ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ అనే సైటేషన్ల సమాచార నిధిలోని అంకెలతో కట్టే పట్టిక అది. ఆరు రకాల కొలతలను కలిపి ఒక మార్కు వేస్తారు. ఒంటరిగా రాసినవాటికీ, మొదటి లేదా చివరి పేరుగా రాసినవాటికీ విడిగా విలువ ఇస్తారు. తనను తాను పేర్కొన్న సైటేషన్లు తీసేస్తే స్థానం ఎంతో కూడా చూపుతారు. జీవితకాలానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఒక జాబితా ఉంటాయి. వార్త రాసేవారు అది ఏ జాబితానో సాధారణంగా చెప్పరు, మీరు మీ బంధువును అడిగి తెలుసుకోండి. ఇంత జాగ్రత్తగా చేసిన పట్టిక కనుక దాన్ని తీసిపారేయలేం. కాని అందులో ఎవరూ పత్రం చదివి మార్కు వేయలేదన్నది గుర్తుంచుకోవాలి.

సైటేషన్ అంటే మెచ్చుకోలని అనుకోవడం పొరపాటు. కణితిలోని జన్యువుల తీరు చూసి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పవచ్చని 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి ఒక పత్రం వచ్చింది. దాన్ని చాలామంది పేర్కొన్నారు, దాని ఆధారంగా రోగులను చేర్చుకుని ప్రయోగాలు కూడా మొదలుపెట్టారు. ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లోని గణాంక నిపుణులు బ్యాగర్లీ, కూమ్స్ పట్టుదలగా ఆ లెక్కలు తిరిగి చేసి తప్పులు చూపించగా, 2011లో దాన్ని ఉపసంహరించారు. ఉపసంహరించిన తరువాత కూడా ఇలాంటి పత్రాలను పేర్కొనేవాళ్లు పేర్కొంటూనే ఉంటారు. స్టాన్‌ఫర్డ్ జాబితా ఇటీవలి విడుదలల్లో ఒక్కొక్కరి ఉపసంహరణల సంఖ్య కూడా చేర్చడం మంచి పని.

జర్నల్ పేరు చూసి మురిసిపోవడమూ ఇలాంటిదే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది జర్నల్ గత రెండేళ్లలో వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సగటు సైటేషన్లు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ జర్నల్ ఒకదానికి ఇది రెండు వందలు దాటింది. కారణం అది ఏటా ప్రచురించే క్యాన్సర్ గణాంకాల వ్యాసం. క్యాన్సర్ మీద రాసే ప్రతివారూ ఈ ఏడాది ఇన్ని లక్షల కొత్త కేసులని మొదలుపెట్టాలి కదా, ఆ మొదటి వాక్యం పుణ్యమే అది. అదే జర్నల్‌లోని మిగతా వ్యాసాలకు ఆ ఘనత వర్తించదు.

నన్నడిగితే, భారతదేశం నుంచి వెళ్లిన క్యాన్సర్ పత్రాల్లో చూడవలసింది 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఉస్మానాబాద్ అధ్యయనం. మహారాష్ట్ర పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల మహిళలు 1,31,746 మందిని తీసుకుని, జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని శంకరనారాయణన్ బృందం చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవాళ హెచ్‌పీవీ పరీక్షనే ముందు చేయమని సూచించడానికి అలాంటి రుజువులే ఆధారం. మీ బంధువు పని గురించి కూడా అడగవలసింది ఇదే: ఆ పని మీద ఆధారపడి తరువాత ఎవరు ఏం చేశారు?

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సరని తేలింది. చెన్నై తీసుకువెళ్లాలనుకుంటున్నాం. ఎక్కువ పత్రాలు రాసిన డాక్టరును ఎంచుకుంటే మంచిదా?
– ప్రైవేటు ఉద్యోగి, కోవూరు

జవాబు: అక్కరలేదు. పత్రాలు రాసే నేర్పు, శస్త్రచికిత్స చేసే నేర్పు వేరువేరు. కొందరిలో రెండూ ఉంటాయి, చాలామందిలో ఉండవు. మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. శస్త్రచికిత్స, రేడియేషన్, మందుల వైద్యులు ముగ్గురూ కూర్చుని మీ నాన్నగారి కేసు చర్చిస్తారా? ఆ సర్జన్ ఇలాంటి ఆపరేషన్లు తరచూ చేస్తారా? ఆ ఆసుపత్రి 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ అనే క్యాన్సర్ ఆసుపత్రుల కూటమిలో సభ్యురాలేనా? గ్రిడ్‌లోని ఆసుపత్రులు ఉమ్మడి చికిత్సా మార్గదర్శకాలు పెట్టుకున్నాయి. ఎవరైనా మీకు ప్రయోగదశలోని చికిత్స సూచిస్తే మాత్రం అప్పుడు పత్రాలు చూడండి. ఆ ట్రయల్ భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందో లేదో నెట్‌లో ఉచితంగా తెలుస్తుంది. బయాప్సీ నివేదికతో పాటు స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన కణజాల ముక్కలు) కూడా ఇక్కడి ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని వెళ్లండి. అక్కడి పాథాలజిస్టు వాటిని మళ్లీ చూడాలంటారు.