సోవియట్ పాలనలో తాజిక్ రచయితలు, సంగీతకారులు బాగుపడ్డారా, నలిగిపోయారా?

రెండూ జరిగాయి, అదీ చాలాసార్లు ఒకే మనిషికి. నేను తాజికిస్తాన్ రాజధాని దుషాన్‌బేలో ఎంబీబీఎస్ చదివాను, ఆరేళ్లు అక్కడే ఉన్నాను. ఆ దేశపు రచయితలు నాకు మొదట డబ్బు మీద కనిపించారు. అక్కడి డబ్బుని సొమోనీ అంటారు. ఒక సొమోనీ నోటు మీద కవి మీర్జో తుర్సున్‌జోదా, అయిదు సొమోనీల నోటు మీద రచయిత సద్రిద్దీన్ ఐనీ. కవుల్ని నోట్ల మీద వేసుకున్న దేశం కదా, వీళ్లెవరో తెలుసుకోవాలనిపించింది.

ఐనీ కథ తెలిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. 1917లో బుఖారాని ఏలే అమీరు ఆయన్ని పట్టించి 75 కొరడా దెబ్బలు కొట్టించాడు, మరుసటి ఏడు తమ్ముణ్ణి చంపించాడు. అలాంటి మనిషి విప్లవాన్ని నమ్మడంలో వింతేముంది? 1926లో ఆయన వెయ్యేళ్ల తాజిక్ సాహిత్యాన్ని ఒక సంకలనంగా తెచ్చాడు, మాకూ ఓ భాష ఉంది, సాహిత్యం ఉంది అని చూపించడానికి. అందులో వెయ్యేళ్ల కిందటి కవి రూదకీ పద్యం ఒకటి ఉంది, రాజుని బుఖారాకి తిరిగి రమ్మని పిలిచేది. దాన్ని పట్టుకుని, అమీరు మళ్లీ రావాలని ఐనీ కోరుకుంటున్నాడని సోవియట్ అధికారులు నింద వేశారు, పుస్తకాన్ని నిషేధించారు. అమీరు చేతిలో వీపు చీలిన మనిషి మీద ఆ నింద! ఇది చదివిన రోజు నాకు నిజంగా కడుపు మండింది. ఆయనతో కలిసి సంస్కరణల కోసం పనిచేసిన రచయిత ఫిత్రత్‌ని 1938లో కాల్చి చంపారు. ఐనీ బతికాడు, 1950లో తన జ్ఞాపకాల పుస్తకానికి స్టాలిన్ బహుమతి అందుకున్నాడు, 1951లో తాజిక్ సైన్స్ అకాడమీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఇళ్లు, బిరుదులు, వేల ప్రతుల అచ్చు, ఇవన్నీ నిజమే. ఆ భయమూ నిజమే.

సంగీతకారులకి వచ్చిన చిక్కు వేరు. వాళ్ల సంప్రదాయ సంగీతం షష్‌మకోమ్ మన సంగీతంలాగే గురువు పాడితే విని నేర్చుకునేది. ప్రభుత్వానికేమో ఒపెరాలు, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య పద్ధతి నాటకాలు కావాలి. మొదటి తాజిక్ ఒపెరా 1939లో వచ్చింది, కానీ రాసింది బలసన్యాన్ అనే ఆర్మేనియన్. తాజిక్ సంగీతకర్త జియోదుల్లో షహీదీ సమర్‌కంద్‌లో ఆ పాత పాటల మధ్యే పెరిగాడు, తండ్రిని అరెస్టు చేస్తే చూశాడు, 1950ల్లో నలభై దగ్గరపడ్డాక మాస్కో కన్సర్వేటరీకి, అంటే సంగీత కళాశాలకి వెళ్లి చదువుకున్నాడు. 1960లో ఆయన ఒపెరా ‘కోమ్‌దే, మదన్’ వచ్చింది. దాని మూలం ఢిల్లీలో బతికి పారశీక భాషలో రాసిన కవి బేదిల్ కావ్యం, కథ కూడా మన దేశంలో ఒక నాట్యకత్తె, ఒక గాయకుడి ప్రేమ కథే. తనది కాని పద్ధతిలోకి తన పాటని ప్రాణం పోకుండా తీసుకెళ్లాడు. నా దృష్టిలో అది లొంగిపోవడం కాదు, కాపాడుకోవడం.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం లిపి మార్పు అంటాను. 1920ల చివర్లో అరబిక్ లిపి తీసేసి లాటిన్ పెట్టారు, 1940లో అదీ తీసేసి రష్యన్ అక్షరాలు. చదువుకున్న వాళ్ల సంఖ్య బాగా పెరిగింది, కాదనను. కానీ తాత రాసింది మనవడు చదవలేడు. అరబిక్ లిపిలో ఉన్న కాగితం ఇంట్లో దొరికితే ప్రమాదమని చాలామంది గోడల్లో దాచేశారు, కొందరు కాల్చేశారు.

మేము అద్దెకున్న ఇంటావిడని బీబీ అని పిలిచేవాళ్లం, అంటే బామ్మ అని. ఒక ఆదివారం పెట్టెలోంచి ఓ నోటుపుస్తకం తీసి చూపించింది, అరబిక్ లిపిలో వాళ్ల నాన్న రాసుకున్న గజళ్లు. రిటైరైన టీచరు ఆవిడ, అయినా అందులో ఒక్క అక్షరం చదవలేకపోయింది. నా రూమ్మేటు హైదరాబాద్ పాతబస్తీ వాడు, ఇంట్లో ఉర్దూ చదువుకున్నాడు, దాని లిపీ ఇంచుమించు అదే. వాడు కూడబలుక్కుంటూ పైకి చదివాడు. వాడికి అక్షరాలు తెలుసు గానీ చాలా మాటలకి అర్థం తెలీదు, ఆవిడకి అక్షరాలు తెలీవు గానీ ప్రతి మాటా అర్థమవుతోంది. వాడు తప్పు పలికినచోట ఆవిడే సరిచేసేది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే పని, వాడు చదవడం, ఆవిడ తన లిపిలో స్కూలు నోటుబుక్కులోకి ఎక్కించుకోవడం. మేము కోర్సు అయిపోయి బయల్దేరేనాటికి సగం పైనే పూర్తయింది. మిగతా పేజీలు వాడు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చాక చదివి రికార్డు చేసి పంపాడు.