లోలాకులో ఆకు ఉందా?

సందేహం: మాస్టారూ, మా అమ్మాయికి చెవులకి లోలాకులు కొన్నాం. ఆకు డిజైన్‌లో చేస్తారు కాబట్టే వాటికి ఆ పేరు వచ్చిందని కొట్టతను చెప్పాడు. మా అత్తగారు ఇవి జుంకీలు, లోలాకులు కావు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, రాజాం

సమాధానం: మీ అత్తగారు చెప్పిన తేడా ఉన్నదే. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆకు సంగతి చూద్దాం.

లోలాకులో ఆకు లేదమ్మా. సంస్కృతంలో ‘లోల’ అంటే ఊగేది, కదిలేది, నిలకడ లేనిది. చంచలమైన కళ్లున్న స్త్రీ లోలాక్షి. మనసు ఒకచోట నిలవక సుఖాల వెంట పోయేవాడు విషయలోలుడు. చెవి కింద వేలాడుతూ తల కదిలినప్పుడల్లా ఊగే నగ లోలాకు. మీ అమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలో ‘లఘులోలకం’ కనిపిస్తే చూపించండి. దారానికి కట్టిన గుండుకీ ఈ నగకీ మూలం ఒకటే.

‘ఆకు’ అని ముగిసిన ప్రతి మాటలోనూ ఆకుని వెతికితే తప్పుదారి పడతాం. ముక్కు దూలానికి వేలాడే నగని బులాకు అంటాం, బులాకీ అని కూడా అంటాం. అది తుర్కీ మాట, ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. అందులోనూ ఆకు లేదు. లోలకం లోలాకుగా సాగడానికి ఈ బులాకు పోలిక కూడా కారణమై ఉంటుందని నా ఊహ. తమిళులు లోలాక్కు అంటారు, కన్నడిగులు మనలాగే లోలాకు అంటారు.

అయితే ఆకు పేరుతో ఉన్న చెవినగ నిజంగానే ఒకటుంది. అది కమ్మ. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇంటి మీద కప్పేది తాటికమ్మే కదా! పూర్వం చెవికి పెట్టుకున్నదీ అదే. తాటాకుని సన్నటి పట్టీగా చీల్చి, బిగుతుగా చుట్టి చెవి రంధ్రంలో దూర్చేవారు. చుట్ట తనంతట తాను విప్పుకోవాలని చూస్తుంది, ఆ ఒత్తిడికి రంధ్రం మెల్లగా పెద్దదవుతుంది. ఆకు పోయి బంగారం వచ్చినా కమ్మ అనే పేరు మాత్రం నిలిచిపోయింది. ఈ కథ తెలుగుదే అనుకోకండి. అమరకోశం ‘కర్ణికా తాళపత్రం స్యాత్’ అంటూ తాటాకునే చెవినగ పేరుగా చెప్పింది. పాత తెలుగులో ఉత్తరాన్ని కూడా కమ్మ అనేవారు, అదీ తాటాకు మీద రాసినదే కాబట్టి. ఒక్క మాటలో ఇల్లు, చెవి, చదువు మూడూ ఇమిడి ఉండడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. మీ కొట్టతను విన్నది కమ్మ కథే అయి ఉంటుంది, లోలాకుకి అంటగట్టాడు.

ఇక వాడుక. చెవి తమ్మెకి అంటిపెట్టుకుని, వెనక మర బిగించేది దుద్దు. దాని కింద వేలాడేది లోలాకు. చుక్కలా ఉన్నా, కాడలా ఉన్నా, ఆకులా ఉన్నా లోలాకే. బోర్లించిన బుట్టలా, అంచుకి ముత్యాలో మువ్వలో ఉంటే అది బుట్ట. దాన్నే జుంకీ అంటారు. జుంకీ హిందీ ఝుమ్కా నుంచి వచ్చింది. అక్కడ ఝూమ్‌నా అంటే ఊగడం. అంటే అర్థంలో జుంకీ, లోలాకు అక్కచెల్లెళ్లే. ఊగే నగలన్నిటినీ కలిపి లోలాకులు అంటే తప్పు పట్టనవసరం లేదు. కానీ ఆకారం చూసి పేరు పెట్టే అలవాటు మీ అత్తగారి తరంలో ఇంకా ఉంది, అది పోనివ్వకండి. మీరు కొన్నవి బుట్టల్లా ఉంటే ఆవిడ మాటే సరైనది, సన్నగా జారినట్టుంటే మీ మాట.

రాసేటప్పుడు నగకి ‘లోలాకు’, బహువచనంలో ‘లోలాకులు’ అనే రాయండి. ‘లోలకం’ గడియారానికీ పాఠానికీ ఉండనివ్వండి.