ఎడిట్ చేయమంటే దిగులెందుకు?

కడప

నాయనా,

నీ కథ అందింది. "పత్రికవాళ్లు ఎడిట్ చేసి పంపమన్నారు సార్, ఎంత కొట్టేయాలి?" అని అడిగావు. నీ టెన్షనంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఎడిట్ అంటే కొట్టేయడమేనని చాలామంది అనుకుంటారు. ఆ మాట పుట్టుకలో మాత్రం కోత లేనే లేదు.

లాటిన్‌లో దాని మూలం 'ఏడెరె'. 'ఏ' అంటే బయటికి, 'దరె' అంటే ఇవ్వడం. మనం దానం, దత్తత అంటామే, వాటి ధాతువూ ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవి. లోపలున్నదాన్ని బయటికిచ్చి జనం ముందు పెట్టడమే దాని అర్థం. రోములో జనానికి కత్తిసాము పోటీలు పెట్టించేవాణ్ణి కూడా ఎడిటర్ అనేవారు. ఇంగ్లిష్‌లోకి ముందొచ్చింది ఎడిటరే. ఎడిట్ అనే క్రియ 18వ శతాబ్దం చివర గానీ రాలేదు. హ్రస్వంతో 'ఎడెరె' అంటే తినడం, అది వేరే మాట. ఆ తేడా మన లిపిలో ఇట్టే తెలిసిపోతుంది, నాకదెంతో ఇష్టం.

1820లో ఉద్యోగం మీద మన కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని పండితులను పెట్టుకున్నాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించి, పోల్చి చూసి, నకలు రాసినవాళ్ల తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు తయారుచేయించాడు. చెదలు తినిపోవలసినవి అట్లా బయటపడ్డాయి. ఎడిటింగంటే నాకు గుర్తొచ్చేది ఆ పని. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న లైబ్రరీకి ఒకసారి పోయిరా.

ఇక నీ కథ. "అవ్వ మాట్లాడకుండా శెనక్కాయలు ఒలుస్తా ఉంది. ఆమె గుండెలో వేదన సుడులు తిరుగుతోంది. కరువు ఆమె బతుకును కాల్చేసింది" అని రాశావు. మొదటి వాక్యంలో అవ్వ కనబడుతోంది. తక్కిన రెండూ ఆమెకు అడ్డంగా నిలబడ్డాయి, కొట్టేయమంటున్నది అందుకే. మంచి గింజలు విత్తనానికి పక్కన పెట్టి, నాసివి మాత్రం నోట్లో వేసుకుంటుందని ఎక్కడో చివరి పేజీలో ఒక్క ముక్క రాశావు చూడు, దాన్ని ఇక్కడికి తీసుకురా. కరువు గురించి వేరే చెప్పే పనుండదు.

"యాడికి పోతాండావు" అన్నదాన్ని కొట్టేసి "ఎక్కడికి వెళ్తున్నావు" అని దిద్దావు. పత్రికవాళ్లు ఏమనుకుంటారోనని కదా? మళ్లీ మొదటిదే పెట్టు. దిద్దిన ప్రతి ఉగాదిలోపు పంపితే చదివి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ సార్