జ్ఞాన దంతం తీయిస్తే కంటిచూపు పోతుందా?

ప్రశ్న: నా వయసు 27. విడవలూరు దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేస్తాను. కుడివైపు కింది దవడలో చివరి పన్ను సగమే బయటికి వచ్చింది. రెండు మూడు నెలలకోసారి అక్కడ చిగురు వాచి నోరు కూడా తెరవలేకపోతున్నాను. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటే తగ్గి, మళ్లీ వస్తోంది. నెల్లూరులో డాక్టరు ఎక్స్‌రే తీసి, పన్ను అడ్డంగా ఉంది, ఆపరేషన్ చేసి తీయాలన్నారు. కింది పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని మా అవ్వ ఒప్పుకోవడం లేదు. తీయించుకోవచ్చా? మిగతా మూడూ ఒకేసారి తీయించేయాలా?

జవాబు: తీయించుకోండి, ఇంకో వాపు వచ్చేదాకా ఆగొద్దు. చూపుకు సంబంధించిన నరం వేరు, పళ్ల నరం వేరు, రెండూ మెదడు నుంచి విడివిడిగానే బయల్దేరతాయి కాబట్టి కింది జ్ఞాన దంతం తీస్తే చూపు పోదని అవ్వకు ధైర్యంగా చెప్పండి.

మీరు అడగాల్సిన నరం ఇంకొకటి ఉంది. కింది దవడ ఎముక లోపల నుంచి వచ్చి కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఈ పంటి వేర్ల దగ్గరగా పోతుంది, నాలుకకు వెళ్లే నరం కూడా పక్కనే ఉంటుంది. వాటికి ఒత్తిడి తగిలితే పెదవి గానీ నాలుక గానీ కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మొద్దుబారినట్టు ఉండొచ్చు. చాలామందిలో అదే సర్దుకుంటుంది, శాశ్వతంగా ఉండిపోవడం అరుదు. మూతి మాత్రం వంకర పోదు, ఎందుకంటే అవి స్పర్శ నరాలే. ఎక్స్‌రే ముందు పెట్టుకుని "వేర్లు నరానికి ఎంత దూరంలో ఉన్నాయి?" అని డాక్టరును సూటిగా అడగండి. బాగా ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తే దవడను త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ చేయించమంటారు, అది అనవసరపు ఖర్చు కాదు.

నాకు అసలు టెన్షన్ పెడుతున్నది మీరు వాడుతున్న మాత్రలు. సగం వచ్చిన పంటి మీద చిగురు మూతలా కప్పుకుని ఉంటుంది, దాని కింద అన్నం మెతుకులు చేరతాయి, మీ బ్రష్ అక్కడికి వెళ్లదు. యాంటీబయాటిక్ ఆ పూటకు చీమును అణుస్తుందేగానీ ఆ సందును మూయదు. పైగా రెండు రోజులు వేసి ఆపేస్తూ పోతే మందులు పనిచేయని స్థితి రావచ్చు, ఏదో ఒకసారి ఆ ఇన్ఫెక్షన్ దవడ కిందికి, గొంతులోకి దిగొచ్చు. దవడ కింద గట్టిగా వాచి, మింగడం కష్టమై, నోట్లోంచి లాలాజలం కారుతూ, ఊపిరి ఆడనట్టు అనిపిస్తే అది మెడికల్ షాపుకు వెళ్లే సమయం కాదు, అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మామూలుగా వాపు తగ్గి, నోరు తెరుచుకునే రోజుల్లో ఆపరేషన్ పెట్టుకుంటారు. మత్తు ఇంజెక్షన్ ఆ పక్కకే ఇస్తారు కాబట్టి మెలకువగానే ఉంటారు, నొప్పి తెలియదుగానీ నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, డ్రిల్ చప్పుడు వినిపిస్తుంది, దానికి భయపడొద్దు. ఖాళీ కడుపుతో వెళ్లి కళ్లు తిరిగి పడేవాళ్లు చాలామంది, పూర్తి మత్తు ఇస్తామని చెబితే తప్ప ఇడ్లీయో దోసెయో తినే వెళ్లండి. షుగర్ ఉన్నా, గుండె జబ్బుకు రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి, ఆ మందులు సొంతంగా ఆపకూడదు. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉంటే కొన్ని నొప్పి మాత్రలు పడవు, అదీ చెప్పండి.

తీసిన చోట రక్తం గడ్డకట్టి నిలవాలి, మానడమంతా దాని మీదే ఆధారపడి ఉంది. అందుకే మొదటి 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు. పెట్టిన గాజుగుడ్డను అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టుకోండి, లాలాజలం మింగేయండి. సిగరెట్, ఖైనీ, గుట్కా అలవాటుంటే కనీసం వారం దూరంగా పెట్టండి, రాత్రి చెరువు గట్టు మీద మేలుకోవడానికి వేసుకునేది కూడా ఇందులోకే వస్తుంది. ఆ గడ్డ ఊడిపోతే మూడో రోజో నాలుగో రోజో చెవి దాకా పొడిచే నొప్పి వస్తుంది. అప్పుడు ఇంకో రెండు మాత్రలు మింగడం కాదు, డాక్టరు దగ్గరికి వెళితే శుభ్రం చేసి మందు పెడతారు, చాలామందికి ఆ రోజే తేలికపడుతుంది.

బుగ్గ వాపు రెండు మూడో రోజుకు ఎక్కువవుతుంది, అది చూసి కంగారు పడొద్దు. మొదటి రోజు బుగ్గకు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి. మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లారిన రాగిజావ తినండి, కారం చేపల పులుసు వారం ఆగాలి, ముల్లు గుచ్చుకుంటే పుండు రేగుతుంది. మేత బస్తాలు మోయడం నాలుగైదు రోజులు మానండి, బరువెత్తితే రక్తం మళ్లీ కారొచ్చు. ఆ మొదటి రాత్రి చెరువు దగ్గర ఒంటరిగా పడుకోకుండా ఇంట్లో ఉండండి. ఒత్తి పట్టినా రక్తం ఆగకపోయినా, మూడు రోజుల తర్వాత వాపు పెరుగుతూ జ్వరం వచ్చినా డాక్టరుకు ఫోన్ చేయాలి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, అది వాడినన్ని రోజులూ, ఆపాక ఇంకో మూడు రోజులూ మద్యం తాగొద్దు.

ఇక మిగతా మూడు. నొప్పి, పుచ్చు, వాపు ఏమీ లేకపోతే కేవలం జ్ఞాన దంతాలన్న కారణంతో తీయించక్కర్లేదు. కుడివైపు పైది మాత్రం ఎక్స్‌రేలో చూపించి అడగండి, కింద పన్ను లేక అది కిందికి దిగి చిగురును కొరుకుతుంటే దాన్ని తీయడం మంచిది, ఆ పని మామూలుగా కింది దానికన్నా చాలా తేలిక.