పాత పికప్‌లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, మాది ఖమ్మం. మాస్టర్స్ అయ్యాక టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉద్యోగం వచ్చింది. 2002 టయోటా టకోమా కొన్నాను. ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, 1,84,000 మైళ్లు తిరిగింది. పొద్దున్నే స్టీరింగ్ తిప్పితే మూలుగుతున్నట్టు శబ్దం వస్తోంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కి గుర్తు లేదట. షాపులో ఫ్లష్ చేయించమంటున్నారు, అంటే పాత ఆయిల్ అంతా ఒకేసారి తీసి కొత్తది నింపడం. ఆఫీసులో ఒకాయనేమో పాత బండిలో ఆ ఆయిల్ ముట్టుకుంటే గేర్‌బాక్స్ పోతుందంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. నేనే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ. స్టీరింగ్ ఆయిల్ ఈ శనివారమే మార్చెయ్. ట్రాన్స్‌మిషన్ మాత్రం ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) తీసి చూశాకే నిర్ణయించుకో. ఫ్లష్‌కి ఇప్పుడే తొందరపడకు.

చిన్నప్పుడు మా నాన్న లారీ పని మీద విజయవాడ ఆటోనగర్ వెళ్తే వెంట వెళ్లేవాణ్ణి. అక్కడి మేస్త్రి ఒక చుక్క ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాతే మాట్లాడేవాడు. డాలస్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నా, ఏ పాత బండి కొన్నా నేను ముందు చేసేది అదే. నువ్వూ అదే చెయ్.

బండిని పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి చదునైన చోట ఆపు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగానే కాలు బ్రేక్ మీద ఉంచి గేర్ లీవర్‌ని ఒక్కో గేర్‌లో రెండు మూడు క్షణాలు ఆపుతూ చివరిదాకా తీసుకెళ్లి, మళ్లీ పార్క్‌లోకి తీసుకురా. ఇంజిన్ ఆపకుండానే డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడు. 'హాట్' అన్న రెండు గీతల మధ్య ఉండాలి. ఇది నీ బండికి చెప్పే పద్ధతి. డాడ్జ్ ట్రక్కుల్లో చాలావాటికి న్యూట్రల్‌లో చూడాలి.

ఇంజిన్ ఆపకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి పికప్‌కి నేను ఈ ఆయిల్ మార్చినప్పుడు, ఇంజిన్ ఆయిల్ చూసినట్టే బండి ఆపేసి చూశాను. ఆపేస్తే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లోపలి ఆయిల్ కొంత కింద పాన్ అనే తొట్టెలోకి దిగుతుంది, డిప్‌స్టిక్ ఎక్కువ చూపిస్తుంది. నిండా ఉందనుకున్నాను. నిజానికి ఒక క్వార్ట్‌కి (సుమారు లీటరు) పైనే తక్కువ ఉంది. ఆ వారాంతం ఇంట్లోవాళ్లతో ఒక్లహోమాలోని టర్నర్ ఫాల్స్‌కి బయల్దేరాం. ఐ-35 మీద ఆర్బకిల్ కొండల ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. వెనక సీట్లో చంటిపిల్ల. పక్కకి తీసి ఆపేదాకా నా గుండె నా చేతిలో లేదు. ఆ రోజు డిప్‌స్టిక్ చూడటం ఒక్కటి సరిగ్గా తెలిసుంటే అంత భయం ఉండేది కాదు.

ఇక చుక్క సంగతి. తెల్ల పేపర్ టవల్ మీద వేసి చూడు. ఎర్రగా, పారదర్శకంగా ఉంటే కంగారు లేదు. గోధుమరంగుకి తిరిగి మామూలు నూనె వాసనే ఉంటే పాతబడిందని అర్థం, మార్చుకోవచ్చు. నల్లగా అయి, మాడిన వాసన వస్తూ, గేర్ పడేటప్పుడు జారుతున్నట్టు ఉంటే లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోతున్నాయి. అప్పుడు కొత్త ఆయిల్ పోసినా ఆ ప్లేట్లు తిరిగి రావు. మీ ఆఫీసాయన భయం పుట్టింది ఇక్కడే. చాలామంది బండి జారడం మొదలయ్యాకే ఆయిల్ మారుస్తారు, వారానికి గేర్‌బాక్స్ పోతుంది, పాపం ఆయిల్ మీద పడుతుంది. నీ బండి గేర్లు మెత్తగా పడుతుంటే ఆ భయం పెట్టుకోకు. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీరంగులో చిక్కగా ఉంటే మాత్రం బండి కదిలించకు. చాలా పికప్‌లలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ లోపలున్న కూలర్‌లోనే. అది లోపల లీకైతే కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. టో చేయించి తీసుకెళ్లాల్సిందే.

అంతా బాగుంటే ఏ ఆయిల్ కొనాలి? తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. నీ 2002 టకోమా ఆటోమేటిక్‌కి డెక్స్‌రాన్ 2 లేదా 3 అనే రకం ఆయిల్ పోయాలి. అదృష్టం ఏమిటంటే స్టీరింగ్‌కి కూడా అదే. డెక్స్‌రాన్ 3కి జనరల్ మోటర్స్ 2006 తర్వాత లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. అందుకే ఇప్పుడు దుకాణంలో 'మల్టీ వెహికల్' అని రాసిన సీసాలే ఎక్కువ కనిపిస్తాయి. సీసా వెనక డెక్స్‌రాన్ 3 అడిగే బండ్లకి పనికొస్తుందని రాసి ఉంటే తీసుకో. ఈ జవాబు చూసి ఇంకో బండికి ఇదే పోయొద్దు. 2005 నుంచి వచ్చిన ఐదు గేర్ల ఆటోమేటిక్ టకోమాకి డబ్ల్యూఎస్ అనే వేరే ఆయిల్, దానికి డిప్‌స్టిక్కే ఉండదు. ఆ కాలం ఫోర్డ్‌లు చాలావరకు మెర్కాన్ 5 అడుగుతాయి, క్రైస్లర్, డాడ్జ్‌లు ఏటీఎఫ్ ప్లస్ 4 అడుగుతాయి. మాన్యువల్ గేర్ల టకోమాకి చిక్కటి గేర్ ఆయిల్ పోయాలి. అదే ఫోర్డ్ రేంజర్ మాన్యువల్‌లో చాలావాటికి ఎర్ర ఆటోమేటిక్ ఆయిలే పోస్తారు. అందుకే ఓనర్స్ మాన్యువల్ తెరిచి చూడు. లేకపోతే టయోటా ఓనర్స్ సైట్‌లో నీ సంవత్సరం, మోడల్ ఇస్తే దొరుకుతుంది. అందులో రాసినదానికీ నా మాటకీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినాలి.

స్టీరింగ్ పని తేలిక. వాల్‌మార్ట్‌లో వంటింటి సామాన్ల దగ్గర టర్కీ బేస్టర్ అని దొరుకుతుంది, ముందు సన్నటి గొట్టం, వెనక రబ్బరు బుడ్డి. ఒకటి దీనికోసమే కొను, మళ్లీ వంటకి వాడకు. రిజర్వాయర్ మూత చుట్టూ దుమ్ము బాగా తుడిచి, మూత తీసి, పాత ఆయిల్ పీల్చి ఒక సీసాలో పోసుకో. కొత్తది గీత దాకా పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగైదుసార్లు నిదానంగా తిప్పు. చివర్లో పట్టుకుని ఉంచకు, పంపు మీద ఒత్తిడి పడుతుంది. ఇంజిన్ ఆపి మళ్లీ పీల్చు, మళ్లీ పొయ్యి. నాలుగైదు విడతలకి రంగు తేటపడుతుంది. రిజర్వాయర్‌లో నురుగు కనిపిస్తే గాలి చేరినట్టు. కాసేపు ఆగి చూడు. బ్రేక్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా అందులో పోయొద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఆయిల్ మార్చాక మూలుగు తగ్గొచ్చు. తగ్గకపోయినా, వారం తర్వాత లెవల్ పడిపోయినా లీకు వెతకాలి. ఆ ఆయిల్ ఆవిరయ్యేది కాదు, ఖర్చయ్యేదీ కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. గొట్టాల అతుకుల దగ్గర, స్టీరింగ్ ర్యాక్ రెండు చివర్ల రబ్బరు తొడుగుల దగ్గర తడి చూడు. వేడి ఎగ్జాస్ట్ మీద కారితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్ కౌంటీలో ఇప్పుడున్నది పొగ పరీక్ష. అది కూడా 24 ఏళ్లు దాటిన బండికి ఉండదు. స్టీరింగ్ సరిగ్గా ఉందా అని ఏడాదికొకసారి చూసేవాళ్లు ఇక లేరు, నువ్వే చూసుకోవాలి.

ట్రాన్స్‌మిషన్‌కి నీ బండి ఎత్తుగా ఉండటం కలిసొస్తుంది. చాలా పికప్‌ల కిందకి జాకీ లేకుండానే దూరొచ్చు, బండి చదునుగా ఉంటే ఆయిల్ కూడా పూర్తిగా దిగుతుంది. ఎత్తక తప్పకపోతే జాక్ స్టాండ్ల మీదే నిలబెట్టు. జాకీ ఒక్కదాని మీద నిలబడ్డ బండి కిందకి వెళ్లొద్దు తమ్ముడూ, ఒక్క నిమిషానికి కూడా వద్దు. మీ అమ్మానాన్నలు నీ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటారు. చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టు, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకో. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే తీయాలి, అప్పుడే నడిపొచ్చిన బండి అయితే చెయ్యి కాలుతుంది.

కింద డ్రెయిన్ ప్లగ్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, ఇంజిన్‌ది, ట్రాన్స్‌మిషన్‌ది, నాలుగు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ది వేర్వేరు. తొందరలో ఒకటి తీయబోయి ఇంకోటి తీసినవాళ్లు చాలామంది. మాన్యువల్‌లో బొమ్మ చూసి గుర్తుపట్టు. బయటికొచ్చిన ఆయిల్‌ని కొలతలున్న ఖాళీ జగ్గుల్లో పోసి ఎంతొచ్చిందో రాసుకో. సుమారు 2 క్వార్టులు వస్తుంది. ఎంతొస్తే అంతే కొత్తది, సన్నటి గరాటుతో డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొయ్యాలి. ప్లగ్‌కి కొత్త వాషర్ వెయ్యి, బలమంతా పెట్టి బిగించకు, మర పోతుంది. తర్వాత పైన చెప్పినట్టు ఇంజిన్ నడుస్తుండగా లెవల్ చూడు. ఎక్కువ పోసినా ప్రమాదమే, నురగ పట్టి ఒత్తిడి పడిపోతుంది.

2 క్వార్టులే మారితే మిగతాది? అది కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. అందుకే పాత బండికి నేను ఫ్లష్ వద్దని, ఇలా మూడు విడతలు చెయ్యమని చెబుతాను. మొత్తం 10 క్వార్టులనుకుంటే, ఒక్కోసారి 2 మారిస్తే మూడోసారికి దాదాపు సగం కొత్తదవుతుంది. మధ్యలో ఐదారు వందల మైళ్లు నడుపు. గేర్లలో ఏ మార్పు వచ్చినా అక్కడే ఆగి ఆలోచించుకునే వీలుంటుంది. ఫ్లష్‌లో అంతా ఒకేసారి అయిపోతుంది, వెనక్కి రాలేం.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసేముందు లీజు చదువు, బండి రిపేర్లు నిషేధమని చాలావాటిలో ఉంటుంది. సొంతిల్లు, గరాజ్ ఉన్న మనవాళ్లని ఎవరినైనా అడుగు, కాదనరు. పాత ఆయిల్‌ని వర్షపు కాలువలో పోయొద్దు, చెత్తలో వెయ్యొద్దు. మూతలున్న జగ్గుల్లో పోసి ఆటోజోన్‌కో ఓ'రైలీకో తీసుకెళ్తే చాలా బ్రాంచిల్లో ఉచితంగా తీసుకుంటారు, కూలెంట్ మాత్రం అందులో కలపకు. ముందు ఫోన్ చేసి కనుక్కో. అక్కడే డిపాజిట్ కట్టి కొన్ని పనిముట్లు అరువు తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు తిరిగిస్తారు.

మైలేజీ, తేదీ, పోసిన ఆయిల్ పేరు గ్లవ్ బాక్స్‌లో ఒక కాగితం మీద రాసి పెట్టు. మొదటి విడతలో దిగిన ఆయిల్ రంగు ఫోటో తీసి నాకు పంపు, రెండో విడత ఎప్పుడు చెయ్యాలో చూసి చెబుతాను.