ఓవర్‌క్లాక్ చేస్తే ప్రాసెసర్ వోల్టేజ్ ఎందుకు నిలకడగా ఉండదు?

ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడమే ఓవర్‌క్లాక్. అందుకోసం బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) 1.30 వోల్టులు పెట్టినా లోడ్ (ప్రాసెసర్ మీద బరువైన పని) పడగానే 1.22కి దిగుతోందనుకోండి. అది లోపం కాదు. కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజ్ కాస్త తగ్గేలా మదర్‌బోర్డును కావాలనే అలా చేస్తారు. లోడ్ చటుక్కున తీసేసినప్పుడు వోల్టేజ్ పైకెగిరి హద్దు దాటకుండా.

సిస్టమ్ హ్యాంగ్ అవుతుంటేనే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను (ఈ తగ్గుదల ఎంత ఉండాలో నిర్ణయించే బయోస్ సెట్టింగ్‌ను) మధ్య లెవెల్‌కి పెట్టండి, గరిష్ఠానికి పోవద్దు. కొన్ని బోర్డుల్లో లెవెల్ 1 అంటేనే గరిష్ఠం, జాగ్రత్త! తర్వాత ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ ప్రోగ్రామ్ అరగంట నడిపి, వోల్టేజ్, వేడి లాంటివి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లోడ్ మీదున్న వోల్టేజ్ చూడండి. అప్పటికీ నిలబడకపోతే వోల్టేజ్ 0.01 వోల్టు చొప్పున పెంచండి, లేదా ప్రాసెసర్ వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ తగ్గించండి. కడప ఎండల్లో ఏసీ లేని గదైతే వేగం తగ్గించడమే మేలు: వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజ్ అందించే బోర్డు మీది భాగం) మరీ వేడెక్కితే చాలా బోర్డులు స్పీడును వాటంతటవే కోసేస్తాయి. వీఆర్‌ఎం హీట్‌సింక్ మీదికి గాలి తగిలేలా ఒక ఫ్యాన్ బిగించండి. ఇంటి స్టెబిలైజర్‌తో దీనికి సంబంధం లేదు.